ఇంటి కావలి ముందు, విందుయాత్ర పిమ్మట

కోట్‌పల్లి జలాశయమున తెడ్లతో నడచు చిన్న పడవలే మా ప్రాంతీయులెఱిగిన నౌకలు. సముద్రము మాకు వందల మైళ్ల దూరము. అట్టి మేము నౌకాదళమును గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని మాకిపుడు ఆ హక్కు కలిగినది. జలాంతర్గాములకు సందేశములంపు కేంద్రము కొఱకు వికారాబాదు జిల్లా దామగుండపు అడవిలో సుమారు 2,900 ఎకరములు నౌకాదళమునకు ధారపోయబడినవి. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ గారు శంకుస్థాపన గావించిరి. మూసీనది పుట్టు సీమలో చెట్లు కూలునని వగచినవారికి దేశరక్షణయే సమాధానముగా చెప్పబడినది. ప్రతిఫలము లేని ఒడంబడిక న్యాయస్థానమున నిలువదు. మా అడవికి ప్రతిఫలము తీరరక్షణ. అది నిండుగా ముట్టుచున్నదా యని అడుగుచున్నాము.

మన నౌకలు అన్యదేశముల రేవులకేగి, విందులారగించి, పతాకము చూపి వచ్చుట గొప్పయే. కాని పోయిన నౌక తిరిగివచ్చి మరమ్మతులు పొందవలెను, నావికులు విశ్రమింపవలెను. ఆ దినములన్నియు ఇంటి కావలి లెక్కలో తఱుగుటయే గదా!

చరిత్ర యేమనుచున్నది? 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అను ఒంటి జర్మను నౌక మదరాసు రేవున చమురుతొట్లను కాల్చిపోయినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖ, కాకినాడలపై బాంబులు కురిసినవి. సప్తసముద్రముల నేలితిమన్న ఆంగ్ల నౌకాబలము మనలను కాపాడలేకపోయినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను, 2008 నవంబరు 26న పదుగురు హంతకులు సముద్రమార్గముననే బొంబాయి చొచ్చిరి. అదే సంవత్సరమున మన యుద్ధనౌక ఏడెన్ సింధుశాఖలో దొంగలను తఱుముచుండెను!

ఆ పహరాను మేము తప్పుపట్టము. వర్తకనౌకలను కాచుట కర్తవ్యమే. అది మర్యాదయాత్ర కాదు. మర్యాదయాత్రలు మైత్రిని పెంచునందురా? 2024 ఫిబ్రవరిలో 'మిలన్' విన్యాసములకు పరదేశ నౌకలే విశాఖకు వచ్చినవి. ఇంటనుండియు మైత్రి నెఱపవచ్చును. తీరపు కావలికి కోస్ట్ గార్డు, మెరైన్ పోలీసులు గలరందురా? 2009లో తీరరక్షణ సమగ్రభారము నౌకాదళముపైననే మోపబడినది. భారము వహించినవాడు పనివారిని చూపి తప్పించుకొనరాదు.

2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకేగిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు హద్దు దాటిరని పాకిస్తాను చెఱలో పడిరి. 20 మంది తెలుగువారు 2020 జనవరిలో గాని వాఘా మీదుగా ఇల్లు చేరలేదు. "ఇదే హద్దు, మరలుడు" అని హెచ్చరించు నౌక ఒక్కటి ఆనాడు వారి కడ్డుపడియుండిన, ఆ తల్లుల కన్నీరు తప్పెడిది కాదా?

మేము కోరునది స్వల్పము. ముందు స్వజలముల పహరాకు వలయు నౌకలను నిర్ణయింపుడు, మిగిలినవానినే యాత్రలకంపుడు. రహస్యములు వెల్లడింపకయే, పహరాకెన్ని దినములు, యాత్రలకెన్ని దినములో ఏటేట పార్లమెంటునకు తెలుపుడు. అడవినిచ్చిన ప్రజలకు లెక్కయడుగు హక్కు కలదు. తీసికొన్న ప్రభుత్వమునకు చెప్పు విధి కలదు.