పేగు క్యాన్సర్: చికిత్స ఒకరికి, హెచ్చరిక ఇంటిల్లిపాదికి

పెద్దపేగు క్యాన్సర్ అని తేలగానే చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: "ఇది మా పిల్లలకూ వస్తుందా?" ఎక్కువ సందర్భాల్లో జవాబు ఊరటనిచ్చేదే. ఈ క్యాన్సర్లలో అత్యధిక భాగం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. వయసు పెరిగే కొద్దీ పేగు కణాల్లోని జన్యువులు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. పొగాకు, మద్యం, ఊబకాయం, శారీరక శ్రమ లేకపోవడం ఆ నష్టాన్ని పెంచుతాయి. ఈ మార్పులు కణితికే పరిమితం. అండంలోనో శుక్రకణంలోనో ఉండవు కాబట్టి పిల్లలకు చేరవు.

సుమారు 5 నుంచి 10 శాతం కేసుల్లో మాత్రం లోపం పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది. వీటిలో ఎక్కువగా కనిపించేది లించ్ సిండ్రోమ్. కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే జన్యువుల్లో ఒకటి ఇందులో పనిచేయదు. అందుకే బుడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో అంతకంటే ఎక్కువో పడితే, వీరిలో రెండు మూడేళ్లలోనే మారిపోవచ్చు. స్త్రీలకు గర్భాశయ క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. మరో రకమైన ఎఫ్ఏపీలో ఏపీసీ జన్యువు దెబ్బతిని, యుక్తవయసుకే పేగులో వందల బుడిపెలు మొలుస్తాయి. విశేషమేమిటంటే, వంశపారంపర్యం కాని కణితుల్లోనూ ఎక్కువగా దెబ్బతినేది ఇదే ఏపీసీ జన్యువు. కాబట్టి అసలు తేడా ఏ జన్యువు చెడిందన్నది కాదు. అది పుట్టుకతో చెడిందా, తరువాత చెడిందా అన్నదే.

తెలుగు కుటుంబాల్లో ఒక అపోహ ఉంది: "మాది మేనరికం కాదు, వంశపారంపర్య జబ్బులు మాకు రావు." లించ్, ఎఫ్ఏపీల విషయంలో ఇది నిజం కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరిలో లోపం ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం ఉంటుంది. అయితే మేనరికానికి వేరే ప్రమాదం లేకపోలేదు. లించ్ ఉన్న వంశంలోని ఇద్దరు పెళ్లాడితే, బిడ్డకు ఆ లోపం రెండు వైపుల నుంచీ రావచ్చు. అప్పుడు చిన్నతనంలోనే మెదడు, రక్త, పేగు క్యాన్సర్లు వచ్చే అరుదైన, తీవ్రమైన స్థితి ఏర్పడుతుంది.

పేగు క్యాన్సర్ తేలిన ప్రతి రోగి కణితినీ లించ్ కోసం పరీక్షించాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2017లో సిఫారసు చేసింది. బయాప్సీ ముక్కలో నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూడటం అందుకు తొలి మెట్టు. ప్రొటీన్ లేకపోయినంత మాత్రాన లించ్ అని తేల్చకూడదు. వయసు మళ్లినవారిలో ఎంఎల్‌హెచ్1 జన్యువు వంశంతో సంబంధం లేకుండానే మూగబోవచ్చు. కణితిలో బీరాఫ్ మార్పు కనిపిస్తే ఎక్కువగా ఆ కోవకే చెందుతుంది. ఆ తరువాతే రక్తంతో జన్యు పరీక్ష. ఈ ప్రొటీన్ పరీక్ష రోగికీ పనికొస్తుంది, ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో లేదో అంచనా వేయడానికి ఇదే ఆధారం.

ఈ పద్ధతిని మన దగ్గరా మొదలుపెట్టవచ్చు. పుదుచ్చేరి శివారు కాలాపేటలో కేంద్ర విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల రెండూ ఉన్నాయి. పట్టణంలో జిప్‌మర్ ఉంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారి యానాం కూడా భాగం. ఇంత చిన్న ప్రాంతంలో ప్రతి పేగు కణితికీ ఈ పరీక్ష చేయడం, కేస్‌షీట్‌లో మూడు తరాల కుటుంబ చరిత్ర రాయడం అసాధ్యమేమీ కాదు. ఫలితాన్ని యానాం కుటుంబాలకు తెలుగులో విడమరచి చెప్పే జన్యు సలహాదారు కూడా ఉండాలి.

పరీక్షకు ఖర్చవుతుంది, నిజమే. ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయంతో ఇళ్లలో దాపరికమూ ఉంటుంది. అందుకే ఫలితం గోప్యంగా ఉంచాలి, బలవంతం పనికిరాదు. కానీ చెప్పకపోతే నష్టపోయేది తోబుట్టువులు, పిల్లలే. లోపం ఉన్నవారు సాధారణంగా 25 ఏళ్ల ప్రాంతం నుంచే, ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటే బుడిపె దశలోనే తీసేయవచ్చు. లోపం లేదని తేలినవారికి ఆ బెంగే తీరుతుంది. కణితిని తీసేసి రోగిని ఇంటికి పంపడంతో వైద్యం పూర్తయినట్టు కాదు. ఆ ఇంట్లో ఇంకెవరికి ముప్పుందో చెప్పడమూ అందులో భాగమే.