పొత్తు నుంచి గెంటివేసినంత మాత్రాన హక్కు పోదు

సరిహద్దు గ్రామాలలో పొత్తు వ్యాపారం నిన్న మొన్న పుట్టినది కాదు. బియ్యపు మిల్లు, నూనె మిల్లు, ఎరువుల దుకాణం, ఇటుక బట్టీ, పత్తి వ్యాపారం ఇలా ఏది చూసినా ఒకరి స్థలం, మరొకరి సొమ్ము, ఇంకొకరి శ్రమ కలిసి నిలబెట్టినవే ఎక్కువ. రాష్ట్రాల గీత ఊరి మధ్యనుంచి పోయినా పొత్తు మాత్రం గీతకు ఇరువైపులా సాగుతూనే ఉంటుంది. చాలా చోట్ల బావ, బావమరిది, అన్నదమ్ముల పిల్లలు, ఒకే వీధి మిత్రులు నోటిమాట మీదనే వ్యాపారం మొదలుపెడతారు.

చిక్కంతా లాభం కనబడిన తరువాత వస్తుంది. ఒకనాటి ఉదయం మిల్లు గేటుకు కొత్త తాళం పడుతుంది. లెక్కల పుస్తకాలు ఒకరి ఇంటికి చేరతాయి. గుమాస్తా ముఖం చాటేస్తాడు. "ఇక నీకూ మిల్లుకూ సంబంధం లేదు" అన్న కబురు పెద్దమనుషుల ద్వారా అందుతుంది. అవమానంతో కొందరు ఇంట కూర్చుంటారు, ఆవేశంతో కొందరు తాళం పగులగొట్టబోతారు. ఈ రెండు దారులూ నష్టదాయకమే. అట్టి భాగస్వామికి చట్టం ఏమి ఇస్తున్నదో, ఏ పొరపాటు వలన అది చేజారుతుందో తెలుసుకొనడం ప్రతి కుటుంబానికీ అవసరం.

చట్టం మాట

భాగస్వామ్య వ్యాపారాలకు ఆధారం 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. ఇది కేంద్ర చట్టం. కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, యానాంలో ఉన్నా మూల సూత్రాలు ఒక్కటే. కోర్టు రుసుములు, రిజిస్ట్రారు కార్యాలయాలు, కోర్టు భాష మాత్రమే రాష్ట్రాన్ని బట్టి మారుతాయి.

ఆ చట్టంలోని 33వ సెక్షను ప్రకారం, ఎంతమంది ఒక్కటైనా సరే, కేవలం సంఖ్యాబలంతో ఒక భాగస్వామిని వెళ్ళగొట్టడానికి వీలు లేదు. అట్టి అధికారం ఒప్పందంలోనే వ్రాసి ఉండాలి, దానిని సద్భావంతో వాడాలి. ఒప్పందంలో ఆ మాట లేనప్పుడు తాళం వేసినంత మాత్రాన భాగస్వామ్యం రద్దు కాదు. బయట నిలబడిన వ్యక్తి చట్టం దృష్టిలో ఇంకా భాగస్వామియే.

12వ సెక్షను ప్రతి భాగస్వామికీ వ్యాపార నిర్వహణలో పాల్గొనే హక్కును, లెక్కల పుస్తకాలను చూచి నకలు తీసుకొనే హక్కును ఇస్తున్నది. వాటాలు వేరుగా వ్రాసుకొనకపోతే లాభనష్టాలు సమానమని 13వ సెక్షను చెబుతున్నది. "పెట్టుబడి నాదే ఎక్కువ, కనుక లాభమూ నాదే ఎక్కువ" అన్న వాదన ఒప్పందం లేకుండా నిలవదు.

భాగస్వామి విడిపోయిన తరువాత లెక్క తేల్చకుండానే మిగిలినవారు అతని సొత్తుతో వ్యాపారం సాగిస్తే 37వ సెక్షను అక్కరకు వస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, తన సొత్తు వాడుక వలన వచ్చిన లాభంలో వాటా గానీ, తన వాటా సొమ్ముపై ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ అతడు ఎంచుకొనవచ్చును.

రిజిస్టరు కాని సంస్థ

పల్లెల్లోని పొత్తు సంస్థలు అనేకం రిజిస్ట్రారు పుస్తకంలోకి ఎక్కనివే. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ లేనందువలన దెబ్బ పెద్దది. సంస్థ రిజిస్టరై, ఆ పుస్తకంలో తన పేరు భాగస్వామిగా ఉంటే తప్ప, ఒప్పందం వలన గానీ ఈ చట్టం వలన గానీ వచ్చిన హక్కు కొరకు తోటి భాగస్వాములపై దావా వేయరాదని 69వ సెక్షను అంటున్నది. "నన్ను మళ్ళీ మిల్లులోకి రానివ్వండి" అనీ, "నడుస్తున్న వ్యాపారంలో ఈ ఏటి లాభం ఇప్పించండి" అనీ అడిగే దారి అక్కడ మూసుకొనిపోతుంది.

అయినా ఒక తలుపు తెరిచే ఉన్నది. సంస్థను రద్దు చేయమనీ, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమనీ, దాని ఆస్తి రాబట్టమనీ కోరడానికి రిజిస్ట్రేషను అడ్డు కాదు. మహారాష్ట్ర 1984లో చట్ట సవరణ చేసి ఈ తలుపును కూడా మూసివేసింది. 2009లో సుప్రీంకోర్టు ఆ సవరణ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. షోలాపూరు, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకొనడం మంచిది. పాత మాట పట్టుకొని "రిజిస్టరు కాలేదు, మీకు ఏ దారీ లేదు" అని ఎవరైనా అంటే అది నేడు చెల్లదు.

గడువు కాలం లేని పొత్తును ఏ భాగస్వామి అయినా మిగిలిన వారందరికీ వ్రాతపూర్వక నోటీసు ఇచ్చి రద్దు చేయవచ్చును. గడువు ఉన్న పొత్తులోనైనా, తోటివారు పదేపదే ఒప్పందాన్ని ఉల్లంఘిస్తుంటే 44వ సెక్షను క్రింద కోర్టు రద్దు చేయగలదు. దావా నడుస్తుండగా సరుకు, యంత్రాలు మాయం కాకుండా నిషేధాజ్ఞను, అవసరమైతే రిసీవరును కోరవచ్చును. లెక్క తేల్చేటప్పుడు ముందు బయటి అప్పులు, తరువాత భాగస్వాములు ఇచ్చిన చేబదుళ్ళు, ఆపైన మూలధనం, చివర మిగిలినది వాటాల ప్రకారం పంచడం చట్టం నిర్దేశించిన క్రమం.

హక్కును చంపే మూడు పొరపాట్లు

మొదటిది ఆలస్యం. సంస్థ రద్దయిన నాటినుంచి 3 సంవత్సరాలలోగా లెక్కల దావా వేయాలి. పెద్దమనుషుల పంచాయితీ ఎన్ని పండుగలు దాటినా ఆ గడువు ఆగదు.

రెండవది చదవని కాగితంపై సంతకం. వరి దంచే, వేరుశనగ కాయ ఒలిచే పొత్తు వ్యాపారం చేసిన రెండు తెలుగు కుటుంబాల తగవు 1966లో సుప్రీంకోర్టులో తేలింది. సంస్థకు భూములు ఉన్నాయి గనుక రిజిస్టరు చేయని విడుదల కరారు చెల్లదని ఒక కుటుంబం వాదించింది. పొత్తులోని వాటా స్థిరాస్తి కాదు, చరాస్తి, అందువలన ఆ కరారుకు రిజిస్ట్రేషను అక్కరలేదని కోర్టు తేల్చింది. మామూలు కాగితమే కదా అని చేసిన సంతకం ఒక తరం కష్టాన్ని వదులుకున్నట్లు కావచ్చు.

మూడవది మౌనంగా తప్పుకొనడం. బహిరంగ ప్రకటన వెలువడే వరకు, సంస్థ పేరుతో మిగిలినవారు చేసే అప్పులు బయటకు పోయిన భాగస్వామి మెడకూ చుట్టుకొనవచ్చును. లాభం వారిది, బాకీ ఇతనిది అయ్యే ప్రమాదం ఇక్కడే ఉన్నది. రాజపత్రంలోనూ, ఆ జిల్లాలో చెలామణి అయ్యే దేశభాషా పత్రికలోనూ ప్రకటన వేయడం, సంస్థ రిజిస్టరైనదైతే రిజిస్ట్రారుకూ తెలియజేయడం చట్టం చెప్పిన పద్ధతి. బ్యాంకుకు వ్రాతపూర్వక అభ్యంతరం కూడా అదే రోజున అందించడం వివేకం.

ఠాణా కాదు, కోర్టు

ఇట్టి తగవులలో చాలామంది మొదట పోలీసు ఠాణాకు పోతారు. సంస్థ సొమ్ము భాగస్వామి వద్ద ఉన్నంత మాత్రాన, ప్రత్యేకంగా అప్పగించిన ఒప్పందం లేనప్పుడు, అది నేరపూరిత నమ్మకద్రోహం కాదని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. దొంగ సంతకం, దొంగ పత్రం ఉంటే మాట వేరు. సాధారణంగా దావా వేయవలసినది వ్యాపారం సాగే చోట గానీ, ప్రతివాది నివసించే చోట గానీ ఉన్న సివిల్ కోర్టులో. గీతకు అవతల మిల్లు ఉంటే అవతలి కోర్టే కావచ్చు. కనుక తెలుగు ఒప్పందానికి ఆ కోర్టు భాషలో సరైన అనువాదం ముందే సిద్ధం చేసుకొనాలి.

తగవు విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే అది వాణిజ్య వివాదం క్రిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరనప్పుడు దావాకు ముందే మధ్యవర్తిత్వానికి పోవడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో తీర్పు పొందవచ్చును. దానికి కోర్టు డిక్రీ విలువ ఉన్నది, అప్పీలు లేదు. ఊరి పంచాయితీ మాటకు లేని బలం ఇదే.

బంధుత్వం ఉన్నచోట కాగితం అడగడం అపనమ్మకమని సరిహద్దు పల్లెలలో ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి ఇరువురి మధ్య ప్రేమ ఉన్నప్పుడు వ్రాసుకున్న ఒప్పందమే, అది చెడినప్పుడు ఆ బంధుత్వాన్ని వీధికెక్కకుండా కాపాడుతుంది. వాటాలు, విడిపోయే పద్ధతి, లెక్క తేల్చే విధానం వ్రాసి, సంస్థను రిజిస్టరు చేయించి, ఏటేటా లెక్కల నకలు ప్రతి ఇంటా ఉంచుకొనడం పెద్ద ఖర్చు కాదు. గేటుకు తాళం పడిన రోజున ఆ నకలే సాక్ష్యం.