పెరటి జాజికి పొలం సిఫారసు చాలదు

రాజేంద్రనగర్ దాటి బెంగళూరు రహదారిపై శంషాబాద్ వైపు సాగితే మార్గమధ్యంలో సాతంరాయి వస్తుంది. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ పరిసరాలలోని చల్క నేలలు ఎన్నో ఇళ్ల స్థలాలుగా మారాయి. పొలం పోయినా పూలపై మక్కువ పోలేదు. అయితే గేటు పందిరిపై పాకే తీగకు సైతం వాణిజ్య సాగు సిఫారసునే యథాతథంగా చెప్పడం సమంజసం కాదు.

మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. జాజి, సన్నజాజి, విరజాజి అనే పేర్లు ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్కకు చెల్లుతున్నాయి. కత్తిరింపు సమయం మాత్రం జాతిని బట్టి మారుతుంది. జాస్మినం సంబక్‌కు నవంబరు చివరి వారం, గ్రాండిఫ్లోరంకు డిసెంబరు చివరి వారం, ఆరిక్యులేటంకు జనవరి చివరి వారం అనుకూలం. కనుక సలహాకు ముందు ఆకును పరిశీలించాలి. ఒంటి ఆకు సంబక్‌ది. ఈనెకు ఇరువైపులా చిట్టి ఆకుల వరుస ఉంటే గ్రాండిఫ్లోరం. పెద్ద ఆకు అడుగున చెవుల వంటి రెండు చిన్న ఆకులుంటే ఆరిక్యులేటం.

రెండవది కత్తిరింపు ఎత్తు. పొలంలో పూలు కోయడానికి వీలుగా నేల నుండి 45 నుండి 50 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరిస్తారు. పందిరి తీగను అలా నరికితే ఏళ్ల తరబడి పెరిగిన పందిరి నీడ పోతుంది. పూలు కొత్త చిగుళ్లపైనే వస్తాయి గనుక ప్రధాన కాండాన్ని, పందిరిపై పరచుకున్న ముఖ్య కొమ్మలను నిలిపి, పక్క కొమ్మలను రెండు మూడు కణుపుల వరకు కుదించి, ఎండిన, బలహీనమైన కొమ్మలను తొలగిస్తే చాలు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ లేని చోట ఏ కత్తిరింపూ పూలు తెప్పించలేదు.

మూడవది నేల. కొత్త ఇంటి ఆవరణలో మొరం, సిమెంటు వ్యర్థాలు కలిసి క్షారగుణం పెరుగుతుంది. కఠినమైన బోరునీరు దానిని మరింత పెంచుతుంది. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు పచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. యూరియా దీనికి మందు కాదు. గుంతలోని వ్యర్థాలను తొలగించి, ఎర్రమట్టి, 10 కిలోల పశువుల ఎరువు నింపి నాటాలి. లోపం కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి.

ఎకరాల లెక్కకు రాని ఈ ఒక్కొక్క తీగా నగరశివారు కుటుంబాన్ని వ్యవసాయ శాస్త్రంతో కలిపి ఉంచుతుంది. విస్తరణ కరపత్రాలలో తెలుగు పేరు పక్కన శాస్త్రీయ నామం, ఆకు బొమ్మ, పందిరి కత్తిరింపు పద్ధతి విధిగా చేర్చాలి. పొలాలు తరిగిపోతున్న చోట విస్తరణ సేవ పెరటి దాకా చేరవలసిందే.