ఇంటి కంప్యూటరు - స్వేచ్ఛా వ్యవస్థ

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థవారి సామాన్య పోషణము ముగిసినది. ఆ వ్యవస్థతో నడచు కంప్యూటర్లు ఆనాడు ఆగిపోలేదు. కాని వానికి మామూలుగా లభించుచుండిన రక్షణ సవరణలు నిలిచిపోయినవి. 2021లో వెలువడిన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, క్రొత్తతరపు ప్రాసెసరును కోరును. కావున అంతకు చాలకాలము ముందు కొన్న యంత్రములలో పెక్కింటికి ఆ ద్వారము మూసియున్నది. తెర చక్కగా వెలుగుచున్నది. మీటలు చక్కగా పలుకుచున్నవి. అయినను యంత్రము పాతదైనదని, క్రొత్తది కొనవలెనని అంగడివారు చెప్పుచున్నారు. ఈ సలహాను తలయొగ్గి స్వీకరింపవలసిన పనిలేదని మా యభిప్రాయము.

యంత్రము మనది, దానికి మనము సొమ్ము చెల్లించితిమి. కాని దానిని నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్ మనది గాదు. దానిని వాడుకొనుటకు మనకు అనుమతి మాత్రమే కలదు. ఆ అనుమతి షరతులను వ్రాయువారు వేఱు, వానికి లోబడువారము మనము. ఈ పరాధీనతను తొలగింపనెంచియే అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెల్‌ను లోకమునకు వెల్లడించెను. ఈ రెండింటి కలయికవలన కలిగిన వ్యవస్థల సోర్సు కోడును ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ప్రతులు తీసి ఇరుగుపొరుగువారికి పంచవచ్చును. రాట్నము చెడినచో గ్రామమందలి వడ్రంగి దానిని విప్పి చూచి బాగుచేయగలడు గదా! ఇదియు అట్టిదే. వీనిలో పెక్కు వెలలేకయే లభించును. కాని వీని గొప్పతనము ఉచితత్వమున లేదు, స్వేచ్ఛయందున్నది.

మఱియొక విషయము మన గౌరవమునకు సంబంధించినది. వెల చెల్లింపక దొంగప్రతులను ఇండ్లలో వాడుకొనుట మన పట్టణములలో తప్పుగా తోచకున్నది. పరుని తోటలో కాయ కోయుటకు వెనుదీయు గృహస్థుడే తన బిడ్డ చదువునకు దొంగప్రతిని పెట్టించుచున్నాడు. న్యాయమార్గము చేరువనే యుండగా ఈ దుస్థితి యేల?

అయినచో ఏ వ్యవస్థను ఎన్నుకొనవలెను? మన దేశమున సీడాక్ సంస్థవారు డెబియన్ ఆధారముగా నిర్మించిన బాస్ అను వ్యవస్థ కలదు. స్వదేశాభిమానులు ముందుగా దానిని తలచుట సహజము. ఆ కృషి ప్రశంసాపాత్రము. కాని క్రొత్తగా అడుగిడు గృహస్థునకు ముఖ్యముగా కావలసినది తోడు. చిక్కు కలిగినపుడు దానిని ముందే ఎదుర్కొని పరిష్కరించినవారు లోకమున ఎందఱు కలరో చూడవలెను. ఈ విషయమున 2004లో ఆరంభమైన ఉబుంటు, దానిపై ఆధారపడి 2006లో బయలుదేరిన లినక్స్ మింట్ మేలైనవి. కోడు అందఱికిని తెఱచియున్న తావున, ఏ దేశమున పుట్టినను దానిని మనదిగా చేసికొనుటకు అడ్డులేదు.

ఈ రెండింటిలో మేము మింట్‌నే ముందుగా సూచింతుము. దాని సినమన్ రూపమున క్రింద పట్టీ, మూలను జాబితామీట - విండోస్‌కు అలవాటుపడిన కంటికి అన్నియు తెలిసిన తావులనే యుండును. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీసు ముందే అమర్చబడియుండును. 2024లో వెలువడిన 22వ సంచికకు 2029 వఱకు సవరణలు లభించును. దానికి రెండు గిగాబైట్ల ర్యామ్ కనీసము, నాలుగున్న సుఖము. యంత్రము బలహీనమైనచో ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపమును ఎన్నుకొనవలెను.

పాతదానిని తుడిచివేయకయే దీనిని పరీక్షింపవచ్చును. వ్యవస్థను ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి, దానినుండియే కంప్యూటరును నడిపి చూడవలెను. వైఫై అందుచున్నదా, ధ్వని పలుకుచున్నదా, ప్రింటరు పనిచేయుచున్నదా అని రెండుమూడు దినములు గమనించి, తృప్తి కలిగిన పిమ్మటనే స్థాపింపవలెను. అంతకుముందు ఛాయాచిత్రములను, దస్తావేజుల ప్రతులను వేఱొకచోట భద్రపఱచుకొనుట మఱువరాదు.

ఇందలి ఇబ్బందులను దాచుట న్యాయము గాదు. ట్యాలీలో లెక్కలు వ్రాయు వర్తకులు, అను ఫాంట్లతో పనిచేయు ముద్రాపకులు విండోస్‌ను వెంటనే విడువజాలరు. డిజిటల్ సంతకముతో పనిగలవారు తమ సాధనము ఇందు పనిచేయునో లేదో ముందే విచారించుకొనవలెను. కాని ఇంట ఉత్తరములు వ్రాసికొనుటకు, బిడ్డల పాఠములకు, బ్యాంకు వ్యవహారములకు, మీభూమిలో అడంగలు చూచుకొనుటకు బ్రౌజరొకటి, ఆఫీసు పొత్తమొకటి చాలును. సామాన్య కుటుంబమునకు ఇంతకుమించిన అవసరము అరుదు.

తెలుగు వ్రాతకును లోటులేదు. భారతీయ భాషల కేర్పడిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును అమరికలలో చేర్చుకొన్నంతనే తెలుగున టైపు చేయవచ్చును. జాబితాల అనువాదము మాత్రము అన్నిచోట్ల సంపూర్ణముగా లేదు. దానిని పూరింపవలసినవారము మనమే. అందులకు ఏ సంస్థ అనుమతియు అక్కఱలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఈ మార్గమున కృషి చేసియున్నారు. పొరుగున కేరళమువారు 2001లో ఆరంభించిన ఐ.టి. ఎట్ స్కూల్ పథకము క్రమముగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును అవలంబించినది. అచటి పాఠశాలల బాలురు, బాలికలు లినక్స్‌తోనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. అక్కడి పిల్లలకు సాధ్యమైనది ఇక్కడి పెద్దలకు అసాధ్యమనుట వింతగాదా?

కావున అటకనెక్కిన కంప్యూటరును దింపుడు. దుమ్ము దులిపి, పెన్‌డ్రైవుతో ఒకమారు పరీక్షింపుడు. ఊరి గ్రంథాలయములు, కళాశాలల విద్యార్థులు నెలకొక ఆదివారము ఇందుకై కేటాయించినచో, ఎఱుగని గృహస్థులకు గొప్ప మేలు కలుగును. తన యింటిలోని యంత్రముపై తనకే అధికారము లేనివాడు ఎంత స్వాతంత్ర్యము పలికినను అది అసంపూర్ణమే.