తాల్చేరు బొగ్గు నుండి యూరియా: రెండవ ప్రయత్నం

బొగ్గును వాయువుగా మార్చి యూరియా తయారు చేసేందుకు తాల్చేరులో 2018 సెప్టెంబరు 22న ప్రధాని శంకుస్థాపన చేశారు. 36 నెలల్లో ఉత్పత్తి మొదలవుతుందని ఆ సభలోనే చెప్పారు. 2021 గడిచింది, 2024 కూడా గడిచింది. 2025లోనూ నిర్మాణమే సాగింది. అంచనా వ్యయం 13,277 కోట్ల రూపాయలు, ఉత్పత్తి లక్ష్యం ఏటా 12.7 లక్షల టన్నులు.

ఇది మొదటి ప్రయత్నం కాదని మన పెద్దలకు తెలుసు. తాల్చేరు, రామగుండం కర్మాగారాలు కవలల వంటివి. రెండింటినీ భారత ఎరువుల సంస్థే బొగ్గు ఆధారంగా కట్టింది. రెండూ 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడ్డాయి. పునరుద్ధరణలో మాత్రం దారులు వేరయ్యాయి. రామగుండం సహజవాయువును ఆశ్రయించి 2021లోనే ఉత్పత్తికి వచ్చింది. సింగరేణి గనుల ఒడిలో ఉన్న ఊరు బొగ్గును వదులుకోవడం ఆలోచించదగిన విషయం.

చిక్కంతా బూడిదలో ఉంది. బొగ్గును పూర్తిగా మండనీయక, పరిమితమైన ఆక్సిజన్, నీటి ఆవిరితో వేడి చేస్తే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వస్తాయి. ఆ హైడ్రోజన్ గాలిలోని నత్రజనితో కలిసి అమ్మోనియా, దాని నుండి యూరియా. తరగతిలో నల్లబల్ల మీద ఇది నాలుగు సమీకరణాల పాఠం. కానీ మన బొగ్గులో మూడో వంతు, ఒక్కొక్కచోట అంతకు మించి బూడిదే. అందుకే తాల్చేరులో బొగ్గుకు పెట్రోలియం కోకును కలపాలని నిర్ణయించారు.

ఇదే వాయువు నుండి డీజిలూ తీయవచ్చు. చమురు దొరకని రోజుల్లో జర్మనీ, ఆ తరువాత దక్షిణాఫ్రికాలోని ససోల్ సంస్థ ఆ పని చేశాయి. అయితే అక్కడి సెకుండా కర్మాగారం నేడు ప్రపంచంలోనే అత్యధికంగా బొగ్గుపులుసు వాయువును వెలువరించే స్థావరాలలో ఒకటి. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలన్న లక్ష్యంతో 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలను ఆమోదించిన కేంద్రం ఈ లెక్కను కూడా ప్రజల ముందుంచాలి.

2025 ఖరీఫ్‌లో తెలంగాణ రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలిచారు. దిగుమతి ఓడల కోసం ఎదురుచూడడం కంటే సొంత బొగ్గు మేలన్న వాదనను నేను కాదనను. అయితే బ్రాహ్మణి నీరు ఎంత వాడతారు, బూడిద ఎక్కడ పోస్తారు అన్న ప్రశ్నలకు అంగుల్ జిల్లా గ్రామాలకు వారి ఒడియా భాషలోనే, ఉత్పత్తి మొదలు కాకముందే సమాధానం అందాలి.