కందకి వెళ్తే కందగడ్డ వచ్చింది

సంక్రాంతి నాడు విస్తట్లో కంద-బచ్చలి లేకపోతే మా పుట్టింట్లోనూ, మెట్టినింట్లోనూ కూడా అది పండగ కింద లెక్క కాదు. కోనసీమ వాళ్ళం కదా! బూరెలూ, పులిహోరా, పరమాన్నం ఎన్ని ఉన్నా సరే, ఆవ ఘాటు ఒక్కసారి ముక్కుకి తగిలితేనే మా పెద్దవాళ్ళకి భోంచేసినట్టుంటుంది. హైదరాబాదు వచ్చి పాతికేళ్ళు దాటినా ఈ అలవాటు మాత్రం పోలేదు. బచ్చలి కుండీలో పెంచుకుంటాను. కంద బజార్లో కొంటాను.

మొన్న సంక్రాంతికి ఆ బజారు పని మా కోడలికి అప్పజెప్పాను. పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి ఎలాగూ పుట్టింట్లోనే అయింది. మా ఇంట్లో ఆ అమ్మాయికి ఇదే మొదటి పెద్ద పండగ. వాళ్ళది వరంగల్లు. భోగి నాటి సాయంత్రం నేను అరిసెల పాకం దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండానే, "అమ్మాయ్, కంద రెండు కిలోలు పట్రా" అన్నాను. తెచ్చింది. సంచీ వంటింటి మూల పెట్టింది. ఆ హడావిడిలో నేను విప్పి చూడలేదు.

పండగ పొద్దున్న సంచీ బోర్లించాను కదా, ఎర్రగా నిగనిగలాడుతూ రెండు కిలోల చిలగడదుంపలు!

"కంద ఏదమ్మా?" అన్నాను.

"అదే గద అత్తమ్మా! కందంటే కందగడ్డే గద!" అంది పాపం.

మా అమ్మాయి పకపకా నవ్వేసింది. "వదినా, రేపెప్పుడైనా చామ తెమ్మంటే చామంతులు తెస్తావా ఏంటి?" అంది. హాల్లోంచి మా వారూ, మా అబ్బాయీ కూడా అందుకున్నారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. తీరా చూస్తే ఆ పిల్ల సింకు దగ్గర అటు తిరిగి నించుంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

ఇందులో దాని తప్పేముంది చెప్పండి? మనం చిలగడదుంప అనేదాన్ని తెలంగాణలో కందగడ్డ అంటారు, మొరంగడ్డ అంటారు, కొన్నిచోట్ల రత్నపురిగడ్డ అని కూడా అంటారు. రాయలసీమకి వెళ్తే అదే గెనుసుగడ్డ. మరి మన కంద వేరు, బండరాయిలా ఉండి కొయ్యబోతే చేతులు దురద పెట్టేది. ఇక్కడ పాతికేళ్ళుండి ఆ సంగతి తెలిసినదాన్ని నేను. "కంద" అని ఒక్క ముక్క అనేసి ఊరుకున్నదాన్నీ నేనే. తప్పు ఎవరిదో మీరే తేల్చండి.

సరే, పదకొండున్నరకల్లా విస్తళ్ళు వెయ్యాలి. మా వారి మేనత్తగారు వస్తున్నారు. ఆవిడకి ఎనభై దాటాయి, నాలుక మాత్రం ఇరవై ఏళ్ళది. అప్పుడు మళ్ళీ బజారుకి పంపిస్తే ఆ అమ్మాయిని నలుగురిలో రెండోసారి నవ్వులపాలు చేసినట్టవుతుంది. ఇంతకీ దుంప దుంపే కదా, కంద బదులు దీన్నే బచ్చలితో వండేద్దాం అనుకున్నాను.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. మీరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కందకి చేసినట్టే ముక్కలు కోసి, కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానిచ్చాను. మూత తీస్తే ముక్కలేవీ? అంతా ముద్ద. పైగా ఎంత తీపని! దాన్లో చింతపండు పిసికి, ఆవ కలిపితే ఎవరు తింటారు? ఒక కిలో అలా పోయింది. పారెయ్యలేదు లెండి, బూరెల పూర్ణంలో కలిపేశాను, బెల్లం తగ్గించి. బూరెలు బాగానే కుదిరాయి కానీ కూర సంగతి అలాగే ఉండిపోయింది.

చిలగడదుంపతో ఉన్న తిరకాసు ఏమిటంటే, దాని తీపి పచ్చిగా ఉన్నప్పుడున్న తీపి కాదు, చాలామటుకు పొయ్యి మీద పుట్టేది. దుంపలో ఉన్న పిండిని చక్కెరగా మార్చే గుణమున్న పదార్థం ఒకటి దాన్లోనే ఉంటుంది. ఎంజైమంటారు. అది గోరువెచ్చటి స్థితిలో కాదు, మరిగే వేడిలోనూ కాదు, ఆ రెంటికీ మధ్య, సుమారు 60 నుంచి 75 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. అంచేత దుంప ఎంత నెమ్మదిగా వేడెక్కితే అంత తియ్యనౌతుంది. చిన్నప్పుడు పొయ్యిలో నివురు కింద కప్పెట్టి కాల్చుకు తిన్న దుంపకి తేనెలాంటి రుచి ఎందుకుండేదో ఇప్పుడర్థమైంది కదూ? శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టేటప్పుడు కూడా దుంపల్ని చన్నీళ్ళలో వేసి సన్న సెగ మీద పెట్టండి, తియ్యగా ఉంటాయి.

మరి కారం కూరకి? దీనికి సరిగ్గా తిరగెయ్యాలి. ముక్కలు చిన్నవిగా ఉండాలి, నీళ్ళు ముందే కళపెళ మరగాలి, పని త్వరగా అవ్వాలి. తీపి పూర్తిగా పోదు, కొంత ఉంటుంది. అది ఉండాలి కూడా. పులుపూ, ఘాటూ దాని మీద కూర్చోవాలంతే.

మిగిలిన కిలోని ఆ రకంగా చేశాను. మీకు అరకిలో లెక్క చెప్తాను, అయిదారుగురికి పక్కకూరగా సరిపోతుంది.

అరకిలో చిలగడదుంపలకి తొక్క తీసి, అంగుళం ముక్కలు కోసుకోండి. కోసిన వెంటనే నీళ్ళలో పడెయ్యండి, లేకపోతే నల్లబడతాయి. బచ్చలాకు రెండు గుప్పిళ్ళు సన్నగా తరిగి పెట్టుకోండి, లేత కాడలు కూడా వెయ్యచ్చు. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పలచగా రెండు గ్లాసుల పులుసు తీసుకోండి. పచ్చిమిరపకాయలు అయిదు, నిలువుగా చీల్చి.

చింతపండు పులుసులో ఉప్పూ, పసుపూ, పచ్చిమిరపకాయలూ వేసి బాగా మరగనివ్వండి. మరుగుతున్న పులుసులోనే ముక్కలు వెయ్యాలి. "దుంప ఉడక్కుండా పులుపు వేస్తే ముక్క గట్టిగా ఉండిపోతుంది" అని మా అమ్మ అనేది. కందకీ, బంగాళాదుంపకీ అది లోపం. చిలగడదుంపకి అదే వరం! ఎంత త్వరగా చితికిపోయే దుంపైనా పులుపులో పడితే ముక్క నిలబడుతుంది. మూత పెట్టకండి. అయిదు నిమిషాలయ్యాక బచ్చలాకు వెయ్యండి. ఇంకో నాలుగైదు నిమిషాలకి చాకుమొన గుచ్చి చూడండి, దిగీ దిగనట్టు దిగితే చాలు. పులుసు ఇంకా ఎక్కువుంటే కాస్త వంపేసి చారులోకి వాడుకోండి. దగ్గర పడేదాకా ఉడికిస్తూ కూచుంటే ముక్కలు పోతాయి.

ఇక్కడొక మాట. పులుసు కూర అనగానే చెయ్యి అలవాటుగా బెల్లం డబ్బా మీదికి పోతుంది. వద్దు! ఈ కూరలో బెల్లం దుంపే తెస్తుంది.

పోపుకి మూడు చెంచాల నూనెలో చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, అర చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు. పప్పులు ఎర్రగా వేగాక కూరలో పోసి, ఒక్కసారి కుదిపి, పొయ్యి కట్టేసెయ్యండి. గరిటెతో తిప్పకండి, గిన్నె పట్టుకుని కుదపండి.

ఇప్పుడు అసలైనది, ఆవ. రెండు చెంచాల ఆవాలు, నానబెట్టిన బియ్యం ఒక చెంచా, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కలిపి చన్నీళ్ళతో మెత్తగా నూరి, పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఆవాల ఘాటు గింజలో ఉండదు, నలిగి నీళ్ళు తగిలాక పుడుతుంది. వేడి నీళ్ళు పోసి నూరినా, కూర పొయ్యి మీద ఉండగా కలిపినా ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. అంచేత కూర దించి, ఆవిరి తగ్గి, చెయ్యి పెట్టగలిగేటంత వేడి మీద ఉన్నప్పుడు ఆవ ముద్ద కలపండి. ఒక చెంచా పచ్చి నువ్వులనూనె పైన వేస్తే ఇంకా బాగుంటుంది. ఇది నా పైత్యం, ఇష్టమైతేనే చెయ్యండి.

ఈ ఆవ నూరే పని మా కోడలికిచ్చాను. మిక్సీ వద్దమ్మా, వేడెక్కుతుంది, చిన్న రోట్లో నూరు అని చెప్పాను. అదెప్పుడూ నూరలేదట. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ నూరింది. పొద్దుటి నీళ్ళేవో, ఆవ నీళ్ళేవో నేను అడగలేదు. "నన్ను కూడా నవ్వకుండా ఉండాల్సింది" అని మాత్రం అన్నాను. "అట్లేం లేదత్తమ్మా" అంది. ఉందని నాకు తెలుసు.

దుంపలు కొనేటప్పుడు చూసుకోవలసినవి కూడా చెప్పెయ్యాలి. కూరకైతే అప్పుడే తవ్వి తెచ్చినవి, మట్టి అంటుకున్నవి మంచివి. నిలవున్న కొద్దీ తీపి పెరుగుతుంది కాబట్టి కాల్చుకోడానికి నాలుగు రోజులు ఆగినవి మేలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చలికి లోపల మధ్యభాగం గట్టిపడి ఎంత ఉడికించినా ఉడకదు. గాలి తగిలే బుట్టలో వేసి ఉంచండి. పురుగు తొలిచిన సన్నటి చిల్లులు, నల్ల చారలు కనిపిస్తే ఆ ముక్క వరకు కోసేసి మిగతాది వాడదామనుకోకండి. దుంపంతా చేదెక్కుతుంది, ఒంటికీ మంచిది కాదు, పశువులకి కూడా పెట్టకూడదు. లోపల నారింజ రంగుండే రకాలు దొరికితే వదలకండి, వాటిలో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ పుష్కలంగా ఉంటుంది. తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ళ భూ సోనా అలాంటి రకమే. అయితే వాటిలో తడి ఎక్కువ, ముక్క ఇంకాస్త త్వరగా మెత్తబడుతుంది, జాగ్రత్త.

షుగరున్నవాళ్ళు తినచ్చా అని అడుగుతారని తెలుసు. మా ఇంట్లోనే ఉన్నారు. తియ్యగా ఉంది కాబట్టి విషమనీ కాదు, దుంప కాబట్టి మందనీ కాదు. వంద గ్రాముల దుంపలో పిండిపదార్థాలు సుమారు 20 గ్రాములు, అంతే వండిన అన్నంలో సుమారు 28 గ్రాములు. అంటే ఇది కూర లెక్కలోకి రాదు, అన్నం లెక్కలోకి వస్తుంది. నాలుగు ముక్కలు వేసుకుంటే ఆ మేరకి అన్నం తగ్గించాలి. కాల్చిన దానికంటే ఉడికించినది రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతుంది. మా వారికి నాలుగు ముక్కలు లెక్కపెట్టి వేసి, అన్నం గిన్నె ఇవతలికి లాగేశాను. మీ వాళ్ళకి ఎంతో మీ డాక్టరు గారిని అడగండి.

ఇంతకీ విస్తళ్ళు వేశాం. వడ్డన మా కోడలే చేసింది. మేనత్తగారు కూర కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగారు. మా అమ్మాయి నా వంక చూసింది. నేను పప్పుగిన్నె వంక చూశాను.

"కంద కాదే ఇది" అన్నారావిడ.

"కందగడ్డండీ" అన్నాను. ఆ మాట ఎందుకో అలాగే వచ్చింది.

"ఆవెవరు నూరారు?"

కోడలు గరిటె పట్టుకుని నించునే ఉంది. "నేనే నూరిన అమ్మమ్మా" అంది.

"బియ్యం కాస్త ఎక్కువేశావు. ఘాటు సరిపోయింది. ఇంకో గరిటె వెయ్యి" అన్నారు. ఆవిడ నా ఆవని ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా సరిపోయిందనలేదు సుమండీ!

మా అమ్మాయి కూడా రెండోసారి వేయించుకుంది. చామంతుల మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి వదినతో ఏదో గుసగుసలాడింది. ఏమిటని నేను అడగలేదు.

ఈ కూర ఏ పూటకాపూట అయిపోవాలి. రాత్రికి ఆవ ఘాటు తగ్గుతుంది, మర్నాటికి రుచి మారిపోతుంది. మిగులుతుందనిపిస్తే ఆవ కలపకముందే కొంత తీసి పక్కన పెట్టుకోండి, కనుమ నాడు గారెలతోపాటు ఆ ముక్కల్ని పెరుగులో వేసుకుంటే బాగుంటాయి.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అంటించే సరుకుల చీటీలో కంద దగ్గర కోడలు ఒక బొమ్మ వేస్తోంది, గుండ్రంగా, బుడిపెలతో. శివరాత్రికి వాళ్ళమ్మ గారు వస్తారట, కందగడ్డతో వాళ్ళింట్లో చేసే పులుసు నాకు నేర్పుతారట. నేర్చుకున్నాక మీకూ రాస్తాను. ఈలోగా మీ వైపు ఈ దుంపని ఏమంటారో, కారంగా ఎలా వండుతారో ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. కొలతలు మాత్రం మర్చిపోకండేం!