మేనకోడలి రసాయనశాల



గతమాసమున మా యన్నగారి కుమార్తెను చూచుటకై, ఆమె చదువుచున్న విశ్వవిద్యాలయమునకు పోయి వారము దినములుంటిని. ఆమె రసాయనశాస్త్రమున పరిశోధన చేయుచున్నది. ఇది నాలుగవ సంవత్సరము. నేను బయలుదేరునపుడు మా వదినగారు చాటునకు పిలిచి, “అమ్మాయీ, నీ మాట యది వినును. ఎంతకాలమని ఆ గాజుబుడ్లు కడుగుచు కూర్చుండును? మంచి సంబంధము వచ్చినది. వైశాఖములో ముహూర్తము కావలెనని వారు తొందరపడుచున్నారు. చదువు చాలించి రమ్మని నచ్చజెప్పుము” అనిరి. ఆ రాయబారమును మోసికొనియే రైలెక్కితిని. దానిని విప్పకయే యేల తిరిగివచ్చితినో ఈ నెల మీకు విన్నవించెదను.

రసాయనశాల యనగా నేదో యింద్రజాలము చూడబోవుచున్నానని తలచితిని. గడప దాటగనే పెండ్లివారి వంటశాల జ్ఞప్తికి వచ్చినది. ఒక ఆచార్యులు, తొమ్మండుగురు విద్యార్థులు; వారిలో అయిదుగురు ఆడపిల్లలు. గోడమీద పనుల పట్టిక. ఈ వారము ద్రావకములు తెప్పించుట యెవరి వంతు, వాడిన ద్రావకములను వేరువేరు డబ్బాలలో పోయించుట యెవరి వంతు, అంతయు పేరుపేరున వ్రాసియున్నది. గాజుపాత్రలు కడుగుటకు మాత్రము వంతు లేదు. ఎవరివి వారే కడుగుకొందురు. ముందటివారి మడ్డి యిసుమంత మిగిలినను తరువాతివారి ఫలితము చెడునట.

మా మేనకోడలి పని యొక చెట్టు బెరడులోని పదార్థములను వేరుచేసి, వాని నిర్మాణమును కనుగొనుట. 5 కిలోల యెండుబెరడును దంచి, మిథనాల్ అను ద్రావకమున నానవైచి, వడపోసి, ద్రావకమును ఆవిరి చేయగా పాకమువంటి నల్లని జిగురు మిగులును. సిలికా యను తెల్లని పొడి నింపిన నిలువు గాజుగొట్టముపై దానిని వేసి, పైనుండి ద్రావకమును పోయుదురు. కొన్ని పదార్థములు పొడిని పట్టుకొని మెల్లగా దిగును. కొన్ని వేగముగా జారును. అట్లు విడివడి వచ్చు ద్రవమును వరుసగా పరీక్షనాళికలలో పట్టుదురు. ఒక్క గొట్టమునకే 100 నాళికలు! ప్రతిదానినుండియు చుక్క తీసి, సిలికా పూసిన రేకుపై పెట్టి, రేకు అంచును ద్రావకమున నిలిపి, పిదప అతినీలలోహిత దీపము క్రింద చూచి, ఏ నాళికలలో నున్న దొక్కటియో, ఏవి వేరో తేల్చుకొందురు. ఇంత చేయగా చేత చిక్కినది 12 మిల్లీగ్రాములు. అనగా నాలుగైదు ఆవగింజల యెత్తు!

నేనచట నున్న మూడవనాడు ఆ ఆవగింజల యెత్తు కాస్తయు పోయినది. ద్రావకమును తొలగించుటకు ఫ్లాస్కును గోరువెచ్చని నీటిలో త్రిప్పుచు, లోని గాలిని లాగివేయు యంత్ర మొకటి కలదు. ఫ్లాస్కు జారకుండ చిన్న బిగింపు పెట్టవలెను. తొందరలో మా పిల్ల దానిని సరిగా పెట్టలేదు. కన్ను మూసి తెరచునంతలో ఫ్లాస్కు నీటిలో మునిగెను. రెండునెలల శ్రమ! ఎవరితోను మాటాడక వెలుపలి మెట్లమీద కూర్చున్నది. ఇదే తగిన సమయము, వదినగారి మాట ఇప్పుడు చెప్పుదునా యని నా నాలుక చివరివరకు వచ్చినది.

అంతలో ఆచార్యులవారు వచ్చి, “బెరడింకను మిగిలియున్నదా?” యని మాత్రమడిగిరి. ఉన్నదనగా, జరిగినది జరిగినట్లు పుస్తకమున వ్రాయుమనిరి. ఆ పుస్తకమున పుట చింపరాదు, వ్రాసినది చెరపరాదు. శనివారపు సమావేశమున ఆమె తన పొరపాటును అందరియెదుట చెప్పినది. అదే సమావేశమున ఒక విద్యార్థి వ్యాసము పత్రికవా రంగీకరించిరను శుభవార్తయు తెలిసి కోవాబిళ్ళలు పంచిరి. దుఃఖమును, సంతోషమును ఒకే బల్లచుట్టు కూర్చుండి పంచుకొను ఆ పద్ధతి నాకెంతయు నచ్చినది. ఆ రాత్రి నేను, “మరల రెండునెలలా, తల్లీ?” యనగా, “లేదత్తయ్యా, దారి తెలిసినది గదా! మూడువారములు చాలును” అనెను. వదినగారి రాయబారము నాలోనే యణగిపోయినది.

ఇంకొక సంగతి తల్లులు వినదగినది. అచట ఆడపిల్లలు జడలు ముడివైచి, చున్నీలు తీసి, నూలుకోటు తొడిగి, కండ్లద్దములు పెట్టుకొనిగాని లోనికి రారు. 2008 డిసెంబరు 29న అమెరికాలోని లాస్ ఏంజిల్స్ విశ్వవిద్యాలయ రసాయనశాలలో, గాలి తగిలినంతనే మండు ద్రవమొకటి సిరంజినుండి చిమ్మి, 23 ఏండ్ల యువతి దుస్తులంటుకొన్నవి. ఆమె తొడిగినది కృత్రిమపు నూలు స్వెట్టరు. పైన రక్షణకోటు లేదు. పదునెనిమిది దినములు బాధపడి మరణించినది. అట్టి బట్ట మండునపుడు కరగి చర్మమునంటుకొనును. పొయ్యియొద్ద పాలియెస్టరు చీర కట్టుకొను మనకును ఇది పాఠమే.

ఇక వివాహపు మాట. చదువు, సంసారము ఒకదానికొకటి శత్రువులని మనమేల తలచవలెను? 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారము పిహెచ్.డి.కి సాధారణముగా గడువు 6 సంవత్సరములు. స్త్రీలకు మరి 2 సంవత్సరముల సడలింపు కలదు. ప్రసూతికిని, శిశుసంరక్షణకును 240 దినములవరకు సెలవు నీయవచ్చును. జాతీయ పరీక్షలో నెగ్గి పరిశోధకవేతనము పొందువారికి 2023 జనవరి నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు నిర్ణయించిరి. కావున మా పిల్ల పుట్టినింటికి భారమును కాదు.

కలకత్తాలో 1944లో డి.ఎస్‌సి. పట్టమునందిన అసీమా ఛటర్జీగారు 1945లో వివాహమాడిరి. 1947లో పసికూనను, దాదిని వెంటబెట్టుకొని అమెరికాకు పోయి పరిశోధన సాగించి, 1950లో మరలివచ్చిరి. మన పెరటి బిళ్ళగన్నేరు, అడవి సర్పగంధి వంటి మొక్కలలోని మందుపదార్థములపై జీవితాంతము శ్రమించిరి. 1975లో భారత విజ్ఞాన మహాసభకు తొలి మహిళాధ్యక్షురాలైరి. నడుమ ఎవరైన “చాలించి రమ్మ”ని పిలిచి, వారును వచ్చియుండిన యెడల?

ఇల్లు చేరి వదినగారికి చూచినదంతయు చెప్పితిని. “మగపెండ్లివారికి దాచక వ్రాయుడు. పిల్లకింకను ఏడాదిన్నర పని యున్నది; పెండ్లియైనను అది సాగవలెను. ఒప్పుకొన్నచో సంబంధము మంచిది” యంటిని. వదినగారు రెండుదినములు నాతో ముభావముగా నుండిరి. పిదప అన్నగారిచేత వ్రాయించిరి. బదులింకను రాలేదు.

అక్కలారా, మీ యిండ్లలోను ఇట్టి పిల్లలుండిన, పిలిపించుటకు ముందొకమారు పోయి వారి పని చూచి రండు. మొన్న మా మేనకోడలు నాకు ఫోను చేసి నవ్వుచు చెప్పినది. వాళ్ళమ్మ యిప్పుడు తిన్నావా యని యడిగిన వెంటనే, “ఆ బిగింపు సరిగా పెట్టుచున్నావా?” యని యడుగుచున్నదట!